వేసవిలో ఆరుబయట కుక్కల సంరక్షణ: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: మాది సముద్ర తీరం. ఇక్కడ ఎండ 36, 37 డిగ్రీలు దాటడమే అరుదు. అలాంటప్పుడు కుక్కకు వడదెబ్బ భయం అంతగా అక్కరలేదు కదా?

ఉష్ణోగ్రత అంకె ఒక్కటే చూసి అలా అనుకోవడం ప్రమాదకరం. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. దాని చెమట గ్రంథులు ప్రధానంగా అరికాళ్ళలోనే ఉంటాయి, వాటివల్ల ఒరిగే చల్లదనం చాలా తక్కువ. అది నోరు తెరిచి, నాలుక వేలాడేసి, గబగబా వగరుస్తున్నప్పుడు నాలుక మీదా ముక్కులోనూ శ్వాసమార్గంలోనూ ఉండే తడి ఆవిరవుతూ ఒంటిలోని వేడిని వెంట తీసుకుపోతుంది. గాలి పొడిగా ఉంటే ఈ పని చక్కగా సాగుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే తడి ఆవిరి కాదు, కుక్క ఎంత వగర్చినా ఒళ్ళు చల్లబడదు, పైగా వగర్చే శ్రమే కొత్త వేడిని పుట్టిస్తుంది. బారువ, భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి వంటి తీర గ్రామాలలో ఏప్రిల్, మే నెలల ఉక్కపోత ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. మనిషికి చొక్కా ఒంటికి అంటుకుపోయే రోజు కుక్కకు ఎండ మండిపోయే రోజుకంటే ఏమాత్రం తేలిక కాదు.

భారత వాతావరణ శాఖ కూడా వడగాడ్పులను లెక్కించేటప్పుడు మైదాన ప్రాంతాలకు కనీసం 40 డిగ్రీల సెల్సియస్‌ను గీటుగా పెట్టుకుని, తీర ప్రాంతాలకు మాత్రం 37 డిగ్రీలనే పెట్టుకుంది. బొబ్బిలి, రాజాం, గజపతినగరం, శృంగవరపుకోట వైపు ఎండ తీవ్రత ఎక్కువ, గాలి కొంత పొడి. తీరంలో ఎండ కొంత తక్కువ, తేమ ఎక్కువ. జాగ్రత్త రెండు చోట్లా అవసరమే. అయితే లోపలి మండలాలవారు నీడనూ నీటినీ ముందు చూసుకోవాలి, తీరంలోనివారు గాలి ఆడే చోటును ముందు చూసుకోవాలి.

ప్రశ్న: ఏ నెల నుంచి జాగ్రత్త పడాలి?

చాలామంది రోహిణి కార్తె కోసం చూస్తారు. రోళ్ళు పగిలే ఎండ అప్పుడే కాబట్టి అది సహజమే కానీ, కుక్కల విషయంలో మార్చి రెండో సగం నుంచే అప్రమత్తంగా ఉండాలి. శరీరం వేడికి అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక, చలికాలం వెళ్ళగానే హఠాత్తుగా వచ్చే మొదటి వేడి రోజులే కొన్ని కుక్కలను పడగొడతాయి. జూన్‌లో తొలకరి ఆలస్యమై, మబ్బు పట్టి, వాన కురవక ఉక్కపోసే రోజులు కూడా అంతే ప్రమాదకరం. ఎండ కనిపించడం లేదన్న ధీమాతో ఆ రోజుల్లోనే మధ్యాహ్నం కుక్కను బయట తిప్పేవారున్నారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాడ్పుల హెచ్చరికలు ఇస్తుంది. మీ మండలం పేరు ఆ జాబితాలో కనిపించిన రోజు కుక్క పగటి కార్యక్రమాలన్నీ ఆపేయడం మంచిది.

ప్రశ్న: నాటు కుక్కలు తరతరాలుగా ఈ ఎండల్లోనే బతుకుతున్నాయి. వాటికి కూడా వడదెబ్బ తగులుతుందా?

తగులుతుంది. నాటు కుక్కకు పొట్టి వెంట్రుకలు, పొడవైన మూతి, సన్నని ఒళ్ళు ఉండడం వేడిని తట్టుకోవడానికి ఉపకరించే మాట నిజమే. కానీ అది వేసవిని గట్టెక్కడానికి అసలు కారణం దానికి ఉన్న స్వేచ్ఛ. వీధి కుక్క మధ్యాహ్నం ఎక్కడ ఉంటుందో గమనించండి: బండి కింద, కల్వర్టు లోపల, కుళాయి దగ్గర తడి నేలలో, చెట్టు మొదట గొయ్యి తవ్వుకుని చల్లని మట్టికి పొట్ట ఆనించి పడుకుని ఉంటుంది. నీడ జరిగితే తానూ జరుగుతుంది. దాహమైతే నీళ్ళు ఉన్న చోటికి నడుస్తుంది. అదే కుక్కను తెచ్చి మనం వాకిట్లో రెండు మూరల గొలుసుకు కట్టేస్తే దాని తెలివంతా నిరుపయోగమవుతుంది; అప్పటి నుంచి నీడ ఎక్కడ ఉందో, నీళ్ళు ఉన్నాయో లేవో చూసే బాధ్యత పూర్తిగా మనదే. వేసవిలో పశువైద్యశాలకు వడదెబ్బతో వచ్చే కుక్క నాటుదైతే, అది కట్టేసి ఉన్న కుక్కా అని మొదట అడగవలసి ఉంటుంది.

ఇక ఎక్కువ ముప్పు ఉన్నవి పగ్, బుల్‌డాగ్, షిట్జూ, బాక్సర్ వంటి చదును మూతి జాతులు. వాటి శ్వాసమార్గం ఇరుకైనది కనుక వగర్చడమే వాటికి కష్టం. ముసలి కుక్కలు, చిన్న కుక్కపిల్లలు, ఊబకాయం ఉన్నవి, గుండె లేదా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవి, సైబీరియన్ హస్కీ, సెయింట్ బెర్నార్డ్ వంటి చలి ప్రాంతపు జాతులు కూడా ఈ కోవలోవే. చలి దేశపు కుక్కను ఉత్తరాంధ్ర తీరంలో ఆరుబయట పెంచడం నా దృష్టిలో సమర్థించదగిన పని కాదు. ఇప్పటికే పెంచుతున్నవారు వేసవి పగళ్ళలో దానిని ఇంటి లోపలే ఉంచాలి.

ప్రశ్న: కుక్కను ఎక్కడ ఉంచితే మంచిది? మా ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉంది, సరిపోతుందా?

రేకుల షెడ్డు ఎండను ఆపుతుంది, వేడిని ఆపదు. సిమెంటు రేకు గానీ ఇనుప రేకు గానీ పది గంటలకల్లా కాగి, కింద ఉన్న ప్రాణికి పైనుంచి సెగ కొడుతూనే ఉంటుంది. మూడు వైపులా గోడలు ఉంటే గాలి కూడా ఆడదు. షెడ్డు తప్ప వేరే దారి లేకపోతే రేకుల మీద తాటాకులు గానీ అల్లిన కొబ్బరి మట్టలు గానీ మందంగా పరిచి, ఒక పక్క గోడ స్థానంలో ఇనుప జాలీ పెట్టించండి. అంతకంటే మేలైనది వేప, కానుగ, మామిడి వంటి చెట్టు నీడ. చెట్టు లేని పెరట్లో కొబ్బరి ఆకుల పందిరి. నేల మట్టిదై, ఉదయం ఒకసారి తడిపి ఉంచినదైతే కుక్క దాని మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. అది గొయ్యి తవ్వుకుంటే తిట్టకండి, వేసవి నాలుగు నెలలు ఆ మూలను దానికి వదిలేయండి.

నీడ కదులుతుందన్న సంగతిని ఎక్కువమంది పట్టించుకోరు. ఉదయం తొమ్మిదింటికి గోడ పక్కన చక్కని నీడ చూసి కుక్కను కట్టి, పనికి వెళ్ళిపోతారు. మధ్యాహ్నం రెండింటికి అదే చోట నిలువునా ఎండ. కనుక ఒక సెలవు రోజున ఉదయం, మధ్యాహ్నం, నాలుగింటికి ఆ చోటును స్వయంగా చూసి, మూడు పూటలా నీడ ఉండే స్థలాన్ని ఎంచుకోండి. మేడ మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టవద్దు. శ్లాబు పగలు పీల్చుకున్న వేడిని రాత్రి చాలాసేపు విడుస్తూనే ఉంటుంది.

ఇందులో చట్టం మాట కూడా ఉంది. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం జంతువును మరీ పొట్టి గొలుసుతో లేదా మరీ బరువైన గొలుసుతో అసమంజసమైన కాలం కట్టి ఉంచడం, యజమాని అయి ఉండి చాలినంత ఆహారం, నీరు, ఆశ్రయం ఇవ్వకపోవడం నేరాలు. ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడాన్ని కూడా ఆ సెక్షన్ ప్రత్యేకంగా పేర్కొంది.

ప్రశ్న: రోజుకు ఎంత నీరు కావాలి? ఏ పాత్రలో పెట్టాలి?

మామూలు రోజుల్లో కుక్కకు కిలో బరువుకు సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీరు కావాలి. అంటే పది కిలోల కుక్కకు అర లీటరుకు పైమాటే. ఎండ రోజుల్లో ఇది రెట్టింపు కావచ్చు, కాబట్టి కొలిచి పోయడం కంటే పాత్ర ఎప్పుడూ ఖాళీ కాకుండా చూడడమే పద్ధతి. స్టీలు గిన్నె ఎండ తగిలితే కాలుతుంది, తేలికగా బోర్లాపడుతుంది. వెడల్పాటి మట్టి పాత్ర గానీ, అడుగు బరువైన సిమెంటు తొట్టి గానీ మంచిది. పల్లెల్లో పశువులకు కుడితి పోసే గోలెం ఉంటుంది కదా అని దానిమీదే వదిలేయకండి. అందులోని నీరు పులిసి ఉంటుంది, చిన్న కుక్కలకు అందదు, కుక్కపిల్లలు పడిపోతే పైకి రాలేవు. నీడలో రెండు చోట్ల నీరు పెట్టి, ఉదయం, సాయంత్రం పాత్ర తోమి కొత్త నీరు పోయండి. నిలవ నీటిలో దోమలు పెరుగుతాయి. ఎలుకలు మూత్రం పోసిన నీరు తాగితే లెప్టోస్పైరోసిస్ వచ్చే అవకాశం ఉంది, అది మనుషులకూ సోకే జబ్బు.

ప్రశ్న: నడకకు ఏ వేళ మంచిది?

ఉదయం సూర్యోదయానికి ముందు మొదలుపెట్టి ఆరున్నర, ఏడు లోపల ముగించండి. సాయంత్రం విషయంలోనే చాలామంది పొరబడతారు: ఐదింటికి ఎండ వాలింది కదా అని బయలుదేరతారు, కానీ తారు రోడ్డు అప్పటికి ఇంకా కాగే ఉంటుంది. మనకు చెప్పులుంటాయి, కుక్కకు ఉండవు. పైగా దాని పొట్ట నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. అరచేతిని తిప్పి, చేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. మీరు ఉంచలేకపోతే కుక్క ఆ రోడ్డు మీద నడవకూడదు. పొడి ఇసుక కూడా తారులాగే కాలుతుంది కనుక తీరంలో నడిపించేవారు అలల తడి తగిలే చోటే నడిపించాలి. అరికాళ్ళు ఎర్రబడడం, పొక్కులు లేవడం, చర్మం ఊడడం, కుక్క కుంటడం, కాళ్ళు అదేపనిగా నాకడం కాలిన గాయాలకు గుర్తులు.

కరిచే స్వభావం ఉన్న కుక్కకు మూతికట్టు వేయవలసి వస్తే నోటిని బిగించే గుడ్డ పట్టీని వాడకండి. నోరు తెరవలేని కుక్క వగర్చలేదు. వగర్చలేని కుక్క వేసవిలో నిమిషాల మీద ప్రమాదంలో పడుతుంది. బుట్ట ఆకారంలో ఉండి, లోపల నోరు పూర్తిగా తెరుచుకునే రకాన్నే ఎంచుకోవాలి.

ప్రశ్న: సముద్రంలోనూ, నాగావళి, వంశధార నదుల్లోనూ ఈదించవచ్చా?

ఈత మంచి వ్యాయామమే, కానీ కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. దాహంతో ఉన్న కుక్క సముద్రపు నీరు తాగుతుంది. ఉప్పు ఎక్కువైతే వాంతులు, విరేచనాలు, చివరికి మూర్ఛ కూడా రావచ్చు. అందుకని బీచ్‌కు బయలుదేరే ముందే నీళ్ళు తాగించి, సీసాతో మంచినీళ్ళు వెంట తీసుకెళ్ళండి. మన తీరంలో అలల లాగుడు బలమైనది, మోకాలి లోతు దాటనివ్వవద్దు. నదుల్లో వేసవికి నీరు తగ్గినా ఇసుక తవ్విన గోతులు నీటి అడుగున కనబడకుండా ఉంటాయి. ఎక్కడ ఈదించినా ఇంటికి రాగానే మంచినీటితో కడిగి, చెవుల లోపల తడి లేకుండా తుడవాలి. వేలాడే చెవులున్న లాబ్రడార్ వంటి కుక్కలకు చెవిపోటు మొదలయ్యేది సాధారణంగా ఇలాగే.

మరొక సంగతి, ఇది కుక్కకు కాక తీరానికి సంబంధించినది. శ్రీకాకుళం జిల్లా తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి, వేసవి మొదట్లో పిల్లలు బయటికి వస్తాయి. కుక్కలు ఆ గూళ్ళను వాసన పట్టి తవ్వుతాయి. ఆ కాలంలో తీరంలో కుక్క మెడపట్టీ తాడు మీ చేతిలోనే ఉండాలి.

ప్రశ్న: వేసవిలో బొచ్చు పూర్తిగా గొరిగించేయవచ్చా?

వద్దు. జర్మన్ షెపర్డ్, పామరేనియన్, గోల్డెన్ రిట్రీవర్ వంటి రెండు పొరల బొచ్చు ఉన్న కుక్కలకు పై పొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డుపడుతుంది. దానిని గొరిగితే చర్మం కమిలిపోతుంది, కొన్నిటికి బొచ్చు మళ్ళీ సరిగా పెరగదు. రోజూ దువ్వి, ఊడిన లోపలి మెత్తని పొరను తీసేస్తే చాలు. షిట్జూ వంటి పొడవు వెంట్రుకల జాతులకు కత్తిరించి పొట్టి చేయించవచ్చు, చర్మం కనిపించేంతగా మాత్రం వద్దు.

ప్రశ్న: రోజూ స్నానం చేయించాలా?

సబ్బు లేదా షాంపూతో రెండు వారాలకు ఒకసారి చాలు. ఉత్త నీళ్ళతో పొట్ట, కాళ్ళు, గజ్జలు తడపడం రోజూ చేయవచ్చు. తడిపాక గాలి తగిలేలా వదలండి; ఇరుకు గదిలో పెట్టి తలుపు వేస్తే తేమ పెరిగి మేలు కంటే కీడే ఎక్కువ. మనుషుల సబ్బులు కుక్క చర్మానికి పనికిరావు.

ప్రశ్న: మేము తాగే చోడి అంబలి, తరవాణి, మజ్జిగ కుక్కకూ పోయవచ్చా? ఏవి పెట్టకూడదు?

ఉప్పు వేయని పలుచని చోడి అంబలి పోయవచ్చు. అయితే మనం అంబలిలో నంజుకునే ఉల్లిపాయ అందులో పడకూడదు. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. పులుసు కలిపిన అన్నం మిగిలితే కుక్కకు వేసే అలవాటును అందుకే మానుకోవాలి. మజ్జిగ, పెరుగు కొద్దిగా ఇస్తే చాలా కుక్కలకు పడతాయి, కొన్నిటికి విరేచనాలు అవుతాయి. పడని కుక్కకు చలువ చేస్తుందని బలవంతంగా పోస్తే, విరేచనాలతో ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది. తరవాణి పులుపు అలవాటు లేని కుక్క కడుపుకు సరిపడదు, దాని బదులు ఉప్పు లేని పలుచని గంజి మేలు. ప్రధాన ఆహారాన్ని మధ్యాహ్నం పెట్టకుండా తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక పెట్టండి. ఎండ రోజుల్లో కుక్క కొంత తక్కువ తినడం మామూలే, నీరు కూడా ముట్టకపోతేనే ఆందోళన చెందాలి.

తీర గ్రామాల్లో ఎండు చేపల తలలు కుక్కలకు వేయడం పరిపాటి. ఆ ఉప్పు వేసవిలో దాహాన్ని విపరీతంగా పెంచుతుంది. పెట్టక తప్పకపోతే నానబెట్టి, ఆ నీరు పారబోసి, ఉడికించి, ముళ్ళు తీసి కొద్దిగా పెట్టండి. పుచ్చకాయ గింజలు తీసి పెట్టవచ్చు. ముంజ లేతదైతే ఒకటి రెండు ముక్కలు ఇవ్వవచ్చు. మామిడిపండు గుజ్జు కొంచెం పరవాలేదు కానీ టెంక మాత్రం దాని నోటికి అందనివ్వకండి. టెంక మింగిన కుక్కకు పేగు మూసుకుపోయి, ఆపరేషన్ తప్ప మార్గం లేని పరిస్థితి వస్తుంది. మామిడి తోటల్లో, రసాలు జుర్రుకుని టెంకలు పెరట్లో విసిరే ఇళ్ళలో ఇది గుర్తుంచుకోవలసిన విషయం. పనస పిక్కలకూ ఇదే వర్తిస్తుంది. ద్రాక్ష, ఎండు ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషపదార్థాలు. ఐస్‌క్రీం కప్పు నాకించేవారు అందులో ఏమున్నదో చూడాలి.

ఉద్దానం ప్రాంతంవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది జీడి పిక్కల గురించి. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, కవిటి వైపు వేసవే జీడి పంట కాలం. ఇళ్ళ ముందు పచ్చి పిక్కలు ఆరబోస్తారు. పిక్క పెంకులో ఉండే జీడి నూనె చర్మాన్ని కాలుస్తుందని అక్కడివారికి తెలియనిది కాదు. కుక్కపిల్ల ఆ పిక్కను కొరికితే పెదవులు, నాలుక, చిగుళ్ళు పొక్కిపోతాయి. నోటిని ధారాళమైన నీటితో కడిగి, వెంటనే పశువైద్యుడికి చూపించాలి. పిక్కలు ఆరబోసిన కళ్ళం చుట్టూ పళ్ళు వస్తున్న వయసు కుక్కపిల్లలను వదలకుండా ఉండడమే అసలైన జాగ్రత్త.

ప్రశ్న: వేసవి రాగానే మా కుక్క నిండా పిడుదులు పడుతున్నాయి. ఎన్నిసార్లు ఏరినా మళ్ళీ వస్తున్నాయి. ఎందుకు?

మీకు కుక్క ఒంటి మీద కనిపించేవి మొత్తం పిడుదుల్లో కొంత భాగం మాత్రమే. గోధుమరంగు కుక్క పిడుదు తన జీవితంలో ప్రతి దశలోనూ రక్తం తాగి, కిందికి రాలి, గోడ పగుళ్ళలోనూ గడప సందుల్లోనూ షెడ్డు మూలల్లోనూ దాక్కుని రూపు మార్చుకుని, తిరిగి కుక్క మీదికి ఎక్కుతుంది. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు ఒక్కసారి వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. వేడి వాతావరణంలో ఈ చక్రం మరింత వేగంగా తిరుగుతుంది. కుక్కకు మాత్రమే మందు పూసి, పడుకునే చోటును వదిలేస్తే ఫలితం ఉండదన్నది ఇందుకే. పగుళ్ళను సిమెంటుతో పూడ్చి, గోనెసంచుల పరుపులను మరిగే నీటిలో ఉడికించి లేదా తగలబెట్టి, షెడ్డుకు సున్నం వేయించి, పశువైద్యుడు సూచించిన మందును కుక్కకూ చోటుకూ ఒకే వారంలో వాడాలి.

పిడుదును తీసేటప్పుడు చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. పిడుదు ఆ బాధకు తన లాలాజలాన్ని కుక్క రక్తంలోకి వదులుతుంది, జబ్బులు ఉండేది అందులోనే. వేలితో చిదపడం కూడా మానండి. అన్నిటికంటే ఘోరమైనది పొలానికి కొట్టే పురుగుమందును నీటిలో కలిపి కుక్కకు స్నానం చేయించడం. కుక్క ఒళ్ళు నాక్కుంటుంది, మందు చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. చొంగ కార్చుకుంటూ, వణుకుతూ, కొన్ని గంటల్లో చనిపోయే కుక్కలున్నాయి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ అనే పిడుదుల మందులు దానికి ప్రాణాంతకమని మరచిపోకండి.

పిడుదుల వల్ల వచ్చే జ్వరాలలో ఎర్లీకియా, బెబీసియా ముఖ్యమైనవి. కుక్క తిండి మానడం, జ్వరం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం రావడం, మూత్రం కాఫీ రంగులోకి మారడం వంటివి కనిపిస్తే ఎండకు నీరసించిందని సరిపెట్టుకోకుండా రక్తపరీక్ష చేయించాలి. సమయానికి గుర్తిస్తే వీటికి మంచి చికిత్స ఉంది.

ప్రశ్న: కారులో పది నిమిషాలు ఉంచితే ఏమవుతుంది? అద్దం కొంచెం దించే ఉంచుతాము.

అద్దం కొంచెం దించినందువల్ల చెప్పుకోదగ్గ ప్రయోజనం లేదు. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే ఉష్ణోగ్రత సుమారు పది డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. బయట 35 ఉంటే లోపల 45. కాబట్టి సమాధానం ఒక్కటే: ఉంచవద్దు.

ప్రశ్న: వడదెబ్బ తగిలిందని ఎలా గుర్తించాలి?

కుక్క సాధారణ శరీర ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మనిషి లెక్కన అది జ్వరం, కుక్కకు కాదు. అది 105 దాటితే ప్రాణాపాయం. అదుపులేని వగర్పు, చిక్కని జిగురు చొంగ, చిగుళ్ళు ఎర్రగా కమిలిపోవడం, పిలిచినా పట్టించుకోకపోవడం, తూలుతూ నడవడం, వాంతులు, రక్త విరేచనాలు, చివరికి కూలబడి మూర్ఛపోవడం వరుసగా కనిపిస్తాయి. నీడలోకి తెచ్చి నీళ్ళు ఇచ్చినా పది నిమిషాల్లో వగర్పు తగ్గకపోతే దానిని వడదెబ్బగానే భావించి చర్య తీసుకోవాలి.

ప్రశ్న: అప్పుడు ముందుగా ఏం చేయాలి? వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలా?

ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే తరలించాలి. ఈ వరుస ముఖ్యం. మన జిల్లాల్లో చాలా గ్రామాల నుంచి పశువైద్యశాలకు అరగంట, గంట ప్రయాణం. అంతసేపు అదే వేడితో ఉన్న కుక్క దారిలోనే పోవచ్చు. నీడలోకి, గాలి ఆడే చోటికి తెచ్చి, మెడపట్టీ, మూతికట్టు విప్పి, ఒళ్ళంతా, ముఖ్యంగా మెడ, పొట్ట, గజ్జలు, తొడల లోపలి వైపు నీళ్ళు పోస్తూ ఉండండి. ఇక్కడ ఒక చిన్న విషయం చాలామందిని దెబ్బతీస్తుంది: మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీరు కాగి ఉంటుంది. మొదట వచ్చే వేడి నీటిని వదిలేయండి, లేదా బావి నీరు, బోరు నీరు తోడి పోయండి. ఒకరు పోస్తుంటే మరొకరు ఫ్యాను గానీ తాటాకు విసనకర్ర గానీ పట్టుకుని విసరాలి, ఎందుకంటే చల్లబరిచేది తడి ఒక్కటే కాదు, ఆ తడిని ఆవిరి చేసే గాలి కూడా. తడి గోనెపట్టాను కుక్క మీద కప్పేసి వదలడం మంచి ఉద్దేశంతో చేసే పొరపాటు. కాసేపటికి ఆ పట్టా వేడెక్కి, లోపలి వేడిని బయటికి పోనివ్వదు. కావాలంటే కింద పరచండి.

ముక్కులోకి, తలమీదికి ధారగా పోయవద్దు. స్పృహ ఉంటే నీళ్ళు ముందు పెట్టండి, తానుగా తాగితే తాగనివ్వండి. స్పృహ లేని కుక్క నోట్లో నీళ్ళు, నిమ్మరసం, పంచదార నీళ్ళు ఏవీ పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లో థర్మామీటరు ఉంటే ఆసనంలో పెట్టి చూస్తూ, 103 డిగ్రీలకు దిగగానే నీళ్ళు పోయడం ఆపండి, లేకపోతే ఒళ్ళు మరీ చల్లబడిపోతుంది. ఆ తర్వాత బయలుదేరండి. రెండు పక్కలా తెరిచి ఉండే ఆటో ఈ ప్రయాణానికి అనువైనదే; దారిలోనూ తడుపుతూ ఉండవచ్చు.

ప్రశ్న: జ్వరం కదా, పారాసిటమాల్ వేయవచ్చా?

వేయకూడదు. ఇది జబ్బు వల్ల వచ్చిన జ్వరం కాదు, బయటి వేడి ఒంట్లో పేరుకోవడం. ఆ మాత్రలు దీనిని దించలేవు. పైగా పారాసిటమాల్ కుక్క కాలేయాన్నీ, ఐబుప్రొఫెన్ కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి.

ప్రశ్న: నీళ్ళు పోశాక కుక్క లేచి తిరిగింది. ఇంకా ఆసుపత్రి అవసరమా?

అవసరమే. ఒళ్ళు చల్లబడినా లోపల మూత్రపిండాలకు, పేగులకు, రక్తం గడ్డకట్టే వ్యవస్థకు జరిగిన హాని ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడవచ్చు. సెలైను పెట్టించి, రక్తపరీక్ష చేయించి, మూత్రం సరిగా వస్తున్నదో లేదో గమనించాలి. మీ మండలంలోని ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్ళండి. తీవ్రమైన కేసులకు విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాల ఉంది. అది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందినది. సంచార పశువైద్య సేవలకు 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. వేసవి మొదలయ్యే ముందే దగ్గరి పశువైద్యుడి ఫోన్ నంబరు, ఆసుపత్రి పనివేళలు తెలుసుకుని గోడమీద రాసి పెట్టుకోండి, ఎందుకంటే వడదెబ్బ తగిలేది తరచుగా మధ్యాహ్నం, ఆసుపత్రి మూసి ఉండే వేళలోనే.

ప్రశ్న: వేసవిలో పాముల బెడద ఎక్కువ. కుక్కను పాము కరిస్తే?

చల్లదనం కోసం పాములు కూడా నీటి తొట్ల దగ్గరికి, కట్టెల మోపుల కిందికి, ఇటుకల గుట్టల్లోకి చేరతాయి. కుక్క ముక్కు పెట్టి వాసన చూస్తుంది కనుక కాటు ఎక్కువగా మూతి మీద, ముందరి కాళ్ళ మీద పడుతుంది. రక్తపింజరి కరిస్తే వేగంగా వాపు, రక్తస్రావం. నాగుపాము, కట్లపాము కరిస్తే కాళ్ళు పడిపోవడం, శ్వాస ఆడకపోవడం చూస్తాం. తాడు బిగించి కట్టడం, గాటు పెట్టడం, పసరు పోయడం అన్నీ వృథా. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని తీసుకెళ్ళండి. మనుషులకు వాడే విషవిరుగుడు ఇంజెక్షనే కుక్కకూ పనిచేస్తుంది. నీటి తొట్టిని కట్టెల మోపుకు దూరంగా పెట్టండి.

ప్రశ్న: ఈదురుగాలులు, పిడుగులు వచ్చినప్పుడు?

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు మన జిల్లాల్లో పిడుగులు పడడం మామూలే. ఇనుప గొలుసుతో చెట్టుకు కట్టిన కుక్కకు అది చావుతో సమానం. మబ్బు కమ్ముతుండగానే విప్పి, పక్కా కట్టడం లోపలికి తీసుకురండి. ఉరుములకు బెదిరి పారిపోయే కుక్కలకు మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు ఉండాలి.

ప్రశ్న: వీధి కుక్కలకు నీళ్ళు పెట్టాలని ఉంది. ఇరుగుపొరుగువారు అభ్యంతరం చెబుతున్నారు.

నీళ్ళ తొట్టిని ఎవరి గుమ్మం ముందూ కాకుండా, పిల్లలు ఆడుకునే చోటికీ బడి దారికీ దూరంగా, నీడలో పెట్టి, రోజూ మీరే కడిగితే అభ్యంతరాలు చాలావరకు తగ్గుతాయి. ఆహారం విషయంలో 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు నిర్ణీత స్థలంలో, నిర్ణీత వేళల్లో పెట్టాలంటున్నాయి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా వీధుల్లో ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదనీ, స్థానిక సంస్థలు ప్రత్యేక స్థలాలు కేటాయించాలనీ ఆదేశించింది. కనుక మునిసిపాలిటీ లేదా పంచాయతీతో మాట్లాడి స్థలం నిర్ణయించుకోండి. అభ్యంతరం చెప్పేవారి భయం నిరాధారం కాదని కూడా గుర్తించాలి. ఏ కుక్క కరిచినా, గీరినా వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టించాలి. మీ పెంపుడు కుక్కకు మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, ఆపై పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా టీకా తప్పనిసరి.

ప్రశ్న: సెలవులకు ఊరు వెళ్తున్నాము. కుక్కను ఇంటి దగ్గరే వదిలి, పక్కింటివారిని అన్నం పెట్టమని చెప్పవచ్చా?

అన్నం పెట్టడం ఒక్కటే చెబితే చాలదు. రోజుకు కనీసం మూడుసార్లు వచ్చి చూడాలని, వాటిలో ఒకటి మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఉండాలని చెప్పండి. వచ్చినప్పుడల్లా నీరు మార్చడం, నీడ ఎక్కడికి జరిగిందో చూడడం, కుక్క లేచి తోక ఊపిందో లేదో గమనించడం వారి పని. పశువైద్యుడి నంబరు, టీకాల కార్డు, కొంత డబ్బు వారి దగ్గర ఉంచండి. మీరు లేనప్పుడు కుక్క పక్కింటివారిని దగ్గరికి రానిస్తుందో లేదో ముందుగా రెండు మూడు రోజులు వారి చేతే అన్నం పెట్టించి చూడండి; రానివ్వని కుక్కకు వడదెబ్బ తగిలితే వారు దాని మెడపట్టీ కూడా విప్పలేరు. అలాంటి కుక్కను వెంట తీసుకెళ్ళండి, లేదా దానికి అలవాటైన బంధువును ఆ రోజుల్లో మీ ఇంట్లో ఉండమని కోరండి.